రెండు అక్షరాలూ ఎగిరిపోయిన లెక్క

కొత్తగా లెక్కల టీచర్లుగా చేరిన ముగ్గురు కుర్రవాళ్లు పోయిన నెల మా ఇంటికొచ్చి, "మాస్టారూ, మీ అనుభవం నాలుగు మాటల్లో చెప్పండి" అన్నారు. నాలుగు మాటల్లో తేలిపోయేదైతే దానికోసం ముప్పై రెండేళ్లు సుద్ద ముక్క పట్టుకొని ఎందుకు నిలబడతాను? కాఫీ తాగించి, అవీ ఇవీ మాట్లాడి పంపేశాను. వాళ్లు పోయాక మాత్రం మనసు ఊరుకోలేదు. వాళ్లు అడిగింది ముఖస్తుతికే కావచ్చు. చెప్పవలసింది మాత్రం నా దగ్గర ఒకటుంది. అది నాకు గొప్ప తెచ్చే సంగతి కాదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ ఊరినుంచి ఏ ఊరికి బదిలీ అయింది, ఇవన్నీ నా సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. ఎవరికైనా కావలసి వస్తే అక్కడ చూసుకోవచ్చు. నేను రాసేది రిజిస్టరుకు ఎక్కని సంగతి.

బడి, పలక

నేను బి.టి. పాసై ఉద్యోగంలో చేరింది రాష్ట్రం వచ్చిన కొత్తలో. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. కర్నూలే రాజధాని కూడా. మా జిల్లా ఊరే రాజధాని అయిందని మా హైస్కూల్లో మిఠాయి పంచారు గానీ, నల్లబల్లకు రంగు వేయించడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. ఆ బడి పేరు రాయను. అది ఇప్పటికీ ఉంది, మంచి మంచి పిల్లలు చదువుతున్నారు, వాళ్ల తప్పేమీ లేదు.

ఆ చుట్టుపక్కల పలకల గనులు. నేల తవ్వితే నల్లటి రాయి పొరలు పొరలుగా వస్తుంది. దాన్ని ఉలితో చీల్చి, గీకి, నున్నగా చేసి, చుట్టూ చెక్క బిగిస్తే బడి పలక. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మా రాతి మీద అక్షరాలు దిద్దేవాళ్లు. మా బడిలో పై తరగతి పిల్లలు కూడా పలకలే తెచ్చేవాళ్లు. నోటుపుస్తకంలో లెక్క చేసి తప్పు చేసే స్తోమత ఎవరికీ లేదు. ముందు పలక మీద చేయాలి, జవాబు సరిపోతే పుస్తకంలో ఎక్కించాలి, సరిపోకపోతే తుడిచేయాలి. తప్పు ఎక్కడ జరిగిందో చూద్దామంటే అప్పటికే అది అరచేతికి అంటి ఉండేది. ఈ పద్ధతి చాలా శుభ్రంగా ఉందని నేను మురిసిపోయేవాణ్ణి.

ఎగరగొట్టడం

నా చేతికి వచ్చిన పాఠాల్లో నాకు బాగా పేరు తెచ్చింది రెండు సమీకరణాల లెక్క. తెలియని రాశులు రెండు, వాటి గురించి తెలిసిన మాటలు రెండు. ఆ రెండు మాటల నుంచి రెండు రాశుల్నీ పట్టుకోవాలి. మూడు పెద్ద పలకల కట్టలు, రెండు చిన్న పలకల కట్టలు కలిపి తూస్తే ఇంత. అయిదు పెద్దవి, నాలుగు చిన్నవి కలిపి తూస్తే ఇంత. అలాంటప్పుడు ఒక్కో కట్ట బరువెంత? పెద్ద కట్టను ఎక్స్ అనుకో, చిన్న కట్టను వై అనుకో. ఒక సమీకరణాన్ని తగిన అంకెతో గుణించి, రెండింటిలో వై సమానంగా వచ్చేట్టు చెయ్యి. కింద రాసి, గుర్తులు మార్చి, కూడు. వై ఎగిరిపోతుంది. ఎక్స్ మిగులుతుంది. దాన్ని తీసుకెళ్లి మొదటి సమీకరణంలో పెడితే వై కూడా దొరుకుతుంది.

దీన్ని నేను పాటలాగా చెప్పించేవాణ్ణి. "గుణించు, రాయి, గుర్తు మార్చు, కూడు, ఎగరగొట్టు." తరగతంతా గొంతెత్తి చెబుతుంటే పక్క గదిలో తెలుగు పండితుడు తలుపు వేసుకునేవాడు. ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి, వెనక బెంచీలో వాణ్ణి లేపి ఒక లెక్క ఇచ్చాడు. వాడు అర నిమిషంలో జవాబు చెప్పాడు. "బోధన సంతృప్తికరం" అని రాసి వెళ్లాడాయన. ఆ లెక్క పుస్తకంలోదే. ఇన్‌స్పెక్టర్లు అదే అడుగుతారని నాకు తెలుసు, అందుకని వారం నుంచీ దాన్నే రుబ్బిస్తున్నాను.

ఈ పాటలో నేను చేర్చిన సొంత నియమాలు రెండున్నాయి. వాటి సంగతి ఇక్కడ చెప్పకపోతే తరువాతది అర్థం కాదు. మొదటిది, జవాబు సరిచూసుకోవడానికి ఏదో ఒక సమీకరణంలో వేసి చూస్తే చాలు అన్నాను. రెండిట్లో వేసి చూడటం కాలయాపన అనుకున్నాను. రెండోది, ఎగరగొట్టేటప్పుడు ఒక్కోసారి ఎక్స్, వై రెండూ ఎగిరిపోతాయి. అప్పుడు ఏం చేయాలని అడిగితే, "రెండూ పోయాయంటే నువ్వెక్కడో తప్పు చేశావు. తుడిచి మళ్లీ చెయ్యి" అని చెప్పాను. అది నిజం కాదని నాకు తెలుసు. కాలేజీలో చదువుకున్నాను. కొన్ని జతలకు జవాబే ఉండదు, కొన్నింటికి లెక్కలేనన్ని ఉంటాయి. కానీ పరీక్షలో అలాంటివి ఇవ్వరు కదా, పిల్లల బుర్ర ఎందుకు పాడుచేయాలి అనుకున్నాను. లెక్కల పంతుళ్లు చెప్పే అబద్ధాలన్నీ ఇలా పిల్లల మేలు కోసమే పుడతాయి.

కరుణమ్మ

ఆ రెండో నియమాన్ని ప్రశ్నించింది ఒక్క కరుణమ్మే. పలకల గనిలో రాయి చీల్చే దానియేలు కూతురు. ఊరి బయట చర్చి ఉన్న పల్లె నుంచి నడిచి వచ్చేది. ఆ పల్లె నుంచి హైస్కూలుకు వచ్చిన మొదటి ఆడపిల్ల. ఎస్.ఎస్.ఎల్.సి. పాసైతే సెకండరీ గ్రేడు టీచరు ట్రైనింగుకు పోవాలని దాని ఆశ. దానికంటే దానియేలు ఆశ ఎక్కువ. "మా పిల్ల పంతులమ్మ అయితాది" అని గనిలో అందరికీ చెప్పుకునేవాడట.

గొప్ప మార్కుల పిల్ల అని చెప్పను. కోతల నెలలో బడికి రాదు. అందువల్ల రేఖాగణితం సగం పోయేది. సిద్ధాంతాలు బట్టీ పట్టమంటే పట్టేది కాదు. కానీ బరువులు, కొలతలు ఉన్న లెక్క ఇస్తే ముందు కాసేపు ఊరికే చూసేది. మిగతా వాళ్లంతా గుణించడం మొదలుపెట్టేసేవాళ్లు. ఇదేం చూపు అని నాకు విసుగు వచ్చేది.

"సార్, రెండూ ఎగిరిపోతే తప్పు నేను చేసినట్టేనా? లెక్క ఇచ్చినోళ్లు చేసి ఉండకూడదా?" అని ఒకరోజు అడిగింది.

"ఇచ్చేవాళ్లు నీకంటే నాలుగు తరగతులు ఎక్కువే చదివి ఉంటార్లే, కూర్చో" అన్నాను. తరగతి నవ్వింది. కరుణమ్మ కూడా నవ్వింది.

మా హెడ్మాస్టరు

హెడ్మాస్టరుది గుంటూరు వైపు. ఇంగ్లీషు చెప్పేవాడు. చెడ్డవాడని రాస్తే అబద్ధం అవుతుంది. వానకు కారే కప్పు బాగుచేయించడానికి తాలూకా అంతా తిరిగి చందా పోగుచేశాడు. హాస్టలు పిల్లవాడికి టైఫాయిడ్ వస్తే తన ఇంట్లో పడుకోబెట్టుకున్నాడు. కానీ ఒకసారి సంతకం పెట్టిన కాగితాన్ని మార్చడమంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టే. తప్పు ఒప్పుకున్న ఆఫీసరుకు మర్నాటి నుంచి విలువ ఉండదనేవాడు.

ఇంకో అలవాటుండేది. సిక్స్త్ ఫారం, అంటే బడిలో ఆఖరి తరగతి పిల్లల్లో ఎవరిని పబ్లిక్ పరీక్షకు పంపాలో తేల్చడానికి సెలక్షన్ పరీక్ష పెట్టేవాళ్లం. అందులో ఏ సబ్జెక్టులోనైనా ముప్పై అయిదు రాకపోతే ఆ ఏడు ఆగిపోవలసిందే. ఆ పేపర్లన్నీ, లెక్కలతో సహా, తనే తయారు చేసేవాడు. సబ్జెక్టు టీచర్లు ముందే ప్రశ్నలు చెప్పేస్తారని అనుమానం. పాత పుస్తకంలోంచి లెక్క తీసుకొని, పిల్లలు గుర్తుపట్టకుండా ఒక అంకె మార్చేవాడు. మార్చినాక చేసి చూసేవాడు కాదు. దిద్దడం నా పని. జవాబుల చీటీ పేపర్ల కట్టతోపాటు నాకు వచ్చేది.

అడుగు నుంచి దిద్దడం

ఆ ఏడు వచ్చిన లెక్క ఇది. మూడు పెద్ద పలకల కట్టలు, రెండు చిన్న కట్టలు కలిపి ఇరవై ఆరు వీశెలు. ఆరు పెద్ద కట్టలు, నాలుగు చిన్న కట్టలు కలిపి నలభై ఆరు వీశెలు. ఒక్కో కట్ట బరువెంత? పది మార్కులు. చీటీలో జవాబు: పెద్దది ఆరు వీశెలు, చిన్నది నాలుగు వీశెలు.

ఒక్క నిమిషం ఆగి చదివితే చాలు. రెండో తూకంలో కట్టలు మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. అప్పుడు బరువూ రెట్టింపు కావాలి, యాభై రెండు రావాలి. నలభై ఆరు ఎట్లా వస్తుంది? పాత పుస్తకంలో అయిదు పెద్ద కట్టలు ఉన్నాయి. హెడ్మాస్టరు అయిదును ఆరు చేసి నలభై ఆరును అలాగే ఉంచాడు. నేను ఆ ఒక్క నిమిషం ఆగలేదు.

నేను దిద్దే పద్ధతి చెబుతాను, మీలో చాలామంది ఇదే చేస్తారు కాబట్టి. ముందు ఆఖరి వరుస చూస్తాను. అక్కడ జవాబు చీటీతో కలిస్తే టిక్కు పెట్టి పూర్తి మార్కులు. కలవకపోతే పైకి చూసి, కొంచెం చేసి ఉంటే రెండో మూడో. ఆఖరి వరుసే లేకపోతే సున్నా. ముప్పై నాలుగు పేపర్లు అలా దిద్దాను. ఇరవైయొక్క మంది "ఆరు వీశెలు, నాలుగు వీశెలు" అని రాశారు. నా బోధన ఎంత గట్టిగా నాటుకుందో అనుకొని ఆ సాయంత్రం సంతోషంగా ఇంటికి పోయాను.

కరుణమ్మ పేపర్లో ఆ లెక్కకు రెండు పేజీలు పట్టాయి. రెండు కొట్టివేతలు, కింద నాలుగు వాక్యాలు. ఆఖరి వరుసలో అంకె లేదు. సున్నా వేశాను. లెక్కల్లో మొత్తం ఇరవై తొమ్మిది వచ్చాయి. లిస్టు గోడకు అంటించినప్పుడు అందులో ఆమె పేరు లేదు.

వాళ్లు వచ్చిన పొద్దు

మర్నాడు మొదటి గంటకు ముందే దానియేలు, కరుణమ్మ తరగతి గది బయట నిలబడి ఉన్నారు. దానియేలు చెప్పులు మెట్లకింద విడిచి, తలగుడ్డ చేతిలో పట్టుకొని ఉన్నాడు.

"అయ్యవారూ, మా పిల్ల ఆ లెక్క మూడు మాట్లు చేసినానంటాంది. మూడు మాట్లూ ఒకటే వచ్చిందంట. ఏంది కతో ఒకసారి చూసి చెప్పండి. తప్పయితే తప్పే, మేం ఏమనుకోం."

"సార్, రెండూ ఎగిరిపోయినాయి. మీరు చెప్పినట్టే మళ్లీ చేసినా, మళ్లీ పోయినాయి. దాంతోనే టైమంతా అయిపోయింది. కడాన రెండు లెక్కలు వదిలేసినా" అంది కరుణమ్మ.

"ఇంత లెక్కకు ఇంత గోలేమిటి?" అంటూ నేను సుద్ద తీసుకొని బల్ల మీద రాశాను. మొదటి సమీకరణాన్ని రెండుతో గుణించాను. కింద రెండోది రాశాను. గుర్తులు మార్చాను. కూడిక చేశాను. ఎక్స్ పోయింది. వై పోయింది. ఎడమ పక్క సున్నా, కుడి పక్క ఆరు. సున్నా సమానం ఆరు.

అబద్ధం ఎందుకు, మొదట నాకు కలిగింది భయం. చేయి దానంతట అదే డస్టరు అందుకొని బల్ల తుడిచేసింది. "ఉండండి" అని చెప్పి ఆఫీసు గదిలోకి పోయి పేపర్ల కట్ట విప్పాను. ఈసారి పైనుంచి కిందికి చదివాను.

ఆ ఇరవైయొక్క మంది చేసింది చూసి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అందరికీ సున్నా సమానం ఆరే వచ్చింది. ఎగరగొట్టాక ఒక అక్షరం మిగలాలని నేను చెప్పాను కాబట్టి, సున్నా ఉండవలసిన చోట ఎక్స్ రాశారు. ఎక్స్ సమానం ఆరు. దాన్ని మొదటి సమీకరణంలో పెడితే వై నాలుగు వస్తుంది. మొదటి దాంట్లో వేసి చూస్తే సరిపోతుంది. రెండో దాంట్లో వేసి చూడవద్దని చెప్పింది నేనే. చూసి ఉంటే యాభై రెండు వచ్చేది. తప్పు దారిలో పోయి, కర్మం చాలక, చీటీలో ఉన్న జవాబుకే చేరారు. ఇరవైయొక్క మందీ ఒకే అబద్ధం రాశారు, అందరికీ పదికి పది ఇచ్చాను.

కరుణమ్మ పేపరు ఆఖరున చదివాను. ఆ నాలుగు వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "మొదటి తూనిక నిజమైతే రెండోది యాభై రెండు వీశెలు ఉండాలి. నలభై ఆరే ఉంది. ఒకే సైజు కట్టలు ఒకే బరువు లేకనైనా పోవాలి, తూనికలో తప్పయినా ఉండాలి. ఈ లెక్కకు జవాబు లేదు." ముప్పై నాలుగు మందిలో సరిగ్గా రాసింది ఆ పిల్ల ఒక్కతే.

ఆఫీసు గదిలో

హెడ్మాస్టరు వచ్చేదాకా ఆగి, కాగితం చూపించాను. ఆయన రెండుసార్లు చదివాడు. ముఖం ఎర్రబడింది. తెలివైనవాడు, వెంటనే అర్థమైంది.

"ఇప్పుడేం చేద్దామంటావయ్యా?"

"ఆ అమ్మాయికి పది ఇవ్వాలండి. ముప్పై తొమ్మిది అవుతాయి. లిస్టులో పేరు చేర్చాలి."

"మిగతా ఇరవైయొక్క మంది సంగతి? వాళ్లవి తీసేస్తావా? తీస్తే తొమ్మిది మంది కిందికి జారతారు. అందులో పంచాయతీ ప్రెసిడెంటుగారి మనవడున్నాడు. తీయకుండా ఈ పిల్లకు మాత్రం కలుపుతావా? ఎందుకు కలిపావని అడిగితే ఏం చెబుతావు? పేపరు తప్పని చెబుతావా?"

"పేపరు తప్పే కదండీ."

"లిస్టు సంతకమై కర్నూలుకు పోయింది. పల్లెవాళ్ల పిల్లకు మార్కులు మారిస్తే ఊళ్లో ఏమంటారో నీకు తెలియదా? ఏం ముట్టిందని అడుగుతారు. నిన్నే అడుగుతారు, నన్ను కాదు." గొంతు తగ్గించి అన్నాడు. "నిన్ను పర్మనెంటు చేసే కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది. ఒక్క ఏడాదే కదయ్యా. వచ్చే ఏడు దానంతట అది పాసవుతుంది. తెలివైన పిల్లే."

ఆయన బెదిరించాడని నేను చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అంత అవసరం రాలేదు. ఆ మాట అనకపోయినా నేను ఒప్పుకునేవాణ్ణే. చీటీ ఆయనది, దిద్దింది నేను. పేపరు తప్పని బయటపడితే, ఇరవైయొక్క తప్పులకు టిక్కులు పెట్టిన పంతులు ఎవరని కూడా అడుగుతారు. నాకు నా పేరు కావాలి. అంతే.

తిరిగి తరగతి గదికి పోయాను. అప్పటికి పిల్లలు వచ్చేస్తున్నారు.

"తప్పే చేశావమ్మా" అన్నాను.

"యాడ సార్?"

ఆ ఒక్క మాటే అడిగింది. ఎక్కడ తప్పో చూపించమని. నేను నల్లబల్లవైపు తిరగలేదు. "రెండూ ఎగిరిపోతే తప్పు నీదేనని ఎన్నిసార్లు చెప్పాను? ఇంటికి పోయి నిదానంగా చేసుకో, తెలుస్తుంది. వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాను.

ఆ పిల్ల ఇంకా ఏదో అడగబోయింది. దానియేలు భుజం మీద చెయ్యి వేశాడు. "అయ్యవారే చెప్పినాక ఇంకేముంది తల్లీ? మనకంటే ఆయనకు తెలీదా? పద." నాకు దండం పెట్టాడు. మెట్లకింద చెప్పులు వేసుకొని, కూతురి చేతిలో పుస్తకాల సంచీ తను తీసుకొని పోయాడు.

తరువాత

బడి మళ్లీ తెరిచాక కరుణమ్మ రాలేదు. నెల చూసి, ఒక ఆదివారం పలకల షెడ్డు దగ్గరికి పోయాను. నేలమీద కూర్చొని పలకలకు చెక్క బిగిస్తోంది. చుట్టూ పది పదిహేను మంది ఆడవాళ్లు. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఫీజు సంగతి నేను చూస్తాను, బడికి రామ్మా" అన్నాను.

"వద్దులే సార్. నాకు లెక్కలు రావు."

"ఎవరు చెప్పారు?"

ఆ పిల్ల నా ముఖం వైపు చూసింది. నేను అక్కడే చెప్పి ఉండవచ్చు. నీ లెక్క సరైందే, తప్పు మాదే అని ఒక వాక్యం. అంతమంది ముందు చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఇంకోసారి ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకొని తిరిగి వచ్చేశాను. ఆ ఏడే నా ఉద్యోగం పర్మనెంటు అయింది. మరుసటి ఏడు గిద్దలూరు వైపు బదిలీ అయింది. ఇంకోసారి రాలేదు.

దీని తరువాత నేను మారాను అని రాస్తే చదవడానికి బాగుంటుంది. మారాను కూడా. పేపర్లు పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టాను. జవాబును రెండు సమీకరణాల్లోనూ వేసి చూడమన్నాను. రెండు అక్షరాలూ ఎగిరిపోతే ఏమిటో ప్రత్యేకంగా ఒక వారం పాఠం చెప్పాను. సున్నా సమానం సున్నా వస్తే ఒకే మాటను రెండుసార్లు చెప్పినట్టు, సున్నా సమానం ఇంకేదో వస్తే రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు, అలాంటప్పుడు జవాబు లేదని ధైర్యంగా రాయమన్నాను.

ఫలితం ఏమిటో వినండి. పిల్లలు దాన్ని కూడా బట్టీ పట్టారు. ఆ ఏడు పరీక్షలో లెక్క రాని ప్రతివాడూ "ఈ లెక్కకు జవాబు లేదు" అని రాసి చేతులు దులుపుకున్నాడు. కరుణమ్మ మూడుసార్లు చేసి, తూకం గురించి ఆలోచించి, భయపడుతూ రాసిన వాక్యం అది. నా చేతిలో పడి అది కూడా బట్టీ పాఠమైంది. ఆ పేపర్లు దిద్దుతూ నేను కాసేపు కలం కింద పెట్టేశాను. ఈ ఉద్యోగంలో నేనేదైనా బాగుచేయగలనన్న నమ్మకం అప్పుడు పోయింది. పోయింది మళ్లీ రాలేదు. మిగిలిన ఏళ్లు జీతం కోసం పనిచేశాను, సోమరితనం లేకుండా పనిచేశాను, అంతవరకు చెప్పగలను.

ఇక కొత్తవాళ్లు అడిగినదానికి. సలహాలు నాకు చేతకావు. ఒకటే చెబుతాను. నువ్వు పిల్లవాడికి "తప్పు" అన్నప్పుడు వాడు "ఎక్కడ?" అని అడిగితే, చూపించలేకపోతే, తరగతి అంతా నవ్వినా సరే, హెడ్మాస్టరు గుడ్లురిమినా సరే, నీ మాట అక్కడికక్కడే వెనక్కి తీసుకో. మర్నాటికి ఉంచుకోవద్దు. మర్నాడు ఇంకా కష్టమవుతుంది. ఆ తరువాత ఇంకా కష్టమవుతుంది.

మార్కాపురం స్టేషన్‌లో

రిటైరైన ఏడాదికి పెన్షన్ పనిమీద పోయి మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో గిద్దలూరు బండి కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద నుంచి ఒకామె లేచి వచ్చి దండం పెట్టింది. జుట్టు సగం నెరిసింది. వేళ్ల కొసలు పలకల పొడికి బూడిదరంగు తిరిగి ఉన్నాయి.

"బాగుండారా సార్? నేను కరుణమ్మను. దానియేలు కూతుర్ని."

గుర్తుపట్టానని చెప్పాను. కంభంలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతోందట. షెడ్డులో ఇప్పుడు మేస్త్రీ అట. మాటల మధ్యలో నవ్వుతూ, "మా ఓనరు కట్టల బరువులు రాసే పని చెయ్యమంటాడు సార్. నాకు లెక్కలు రావయ్యా, వేరే వాళ్లను పెట్టుకో అని చెప్పినా" అంది.

ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పాను. పేపరు తప్పని, ఆమె రాసిందే సరైనదని, ఆ పొద్దు బల్ల మీద నాకూ సున్నా సమానం ఆరే వచ్చిందని, తెలిసీ అబద్ధం చెప్పానని. చేతులు జోడించాను. స్టేషన్‌లో నలుగురూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

ఆమె సంచీ కింద పెట్టి నా పక్కన కూర్చుంది. కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"ఆ పొద్దు బడి నుంచి ఇంటికి పోయేటప్పుడు మా నాయన దోవలో నిలబడిపోయినాడు సార్" అంది. "నీకు రాని దానికోసం ఇన్నేండ్లు నిన్ను ఎండలో నడిపించినానే తల్లీ, నన్ను తిట్టుకోవాక అని నా చెయ్యి పట్టుకొని ఏడ్చినాడు. మా నాయన ఏడవంగ నేను చూసింది అదొక్కసారే. అందుకే ఇంక బడికి పోలేదు. నేను మళ్లీ తప్పితే మళ్లీ ఏడుస్తాడని."

"దానియేలు ఎలా ఉన్నాడమ్మా? నేనే వచ్చి చెబుతాను. ఈరోజే వస్తాను" అన్నాను.

"పోయిన ఎండాకాలం చనిపోయినాడు సార్."

కంభం వైపు పోయే బండి వచ్చింది. ఆమె సంచీ తీసుకొని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నన్ను పాస్ చెయ్యకపోయినా పోయేది సార్. ఆ పొద్దు ఆయనను పక్కకు పిలిచి, నీ కూతురు చేసింది తప్పు కాదురా అని ఒక్క మాట చెప్పింటే చాలు."

నేను ఎక్కవలసిన బండి కూడా అదే. ఎక్కలేకపోయాను.